అందరూ ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ అంటే ఏం చేయాలి? రేటింగ్ స్కేలు మీద సలహా కావాలి

మల్లెపందిరి · సోమవారం రాత్రి

నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది నలుగురైదుగురం పనిచేసే చిన్న సంస్థ. మార్కాపురం వైపు పల్లెల్లో పసిపిల్లల తల్లులకి ఆరోగ్య ఉపకేంద్రాల్లో సేవలు ఎలా అందుతున్నాయో తెలుసుకుందామని సర్వే పెట్టుకున్నాం. ప్రశ్నావళి మేమే రాసుకున్నాం. 18 వాక్యాలు. ఒక్కోదానికి ఐదు జవాబులు: పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఏకీభవిస్తున్నాను, ఏదీ చెప్పలేను, ఏకీభవించను, అస్సలు ఏకీభవించను.

పైలట్‌గా, అంటే ముందస్తు పరీక్షగా, కొన్ని ఇళ్లకి వెళ్లొచ్చాం. దాదాపు ప్రతి ఇంట్లోనూ మొదటి రెండు జవాబులే. ‘నర్సమ్మ మా మాట ఓపిగ్గా వింటుంది’ అంటే అవునన్నారు. ఐదు ప్రశ్నల తర్వాత ‘నర్సమ్మకి మా మాట వినే తీరిక ఉండదు’ అంటే దానికీ అవునన్నారు.

ఒక ఇంటి సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. ప్రశ్నలన్నీ అయిపోయాయి, టాబ్ మూసేశాను. ఆ అమ్మాయి నాకు నీళ్లిస్తూ, ‘మొన్న టీకాకి పోతే తాళం ఏసుండాది మేడమ్, బిడ్డనెత్తుకొని ఎండలో మళ్లీ ఇంటికొచ్చినా’ అంది. పది నిమిషాల ముందు అదే అమ్మాయి ‘ఉపకేంద్రం మాకు అవసరమైనప్పుడు తెరిచి ఉంటుంది’ అన్నదానికి పూర్తిగా ఏకీభవిస్తున్నాను అని చెప్పింది. మరి అలా ఎందుకు చెప్పావమ్మా అంటే, ‘బాగలేదని ఎట్ల రాపిస్తాం? ఆయమ్మ మంచిదే గదా’ అంది.

ఐదు బదులు ఏడు జవాబులు పెడితే తేడాలు బయటపడతాయా? మధ్యలోది తీసేస్తే నయమా? నెలాఖరుకి ఫారం ఖరారు చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది, దారి చూపించండి.

---

లెక్కలపుస్తకం · సోమవారం రాత్రి

అమ్మా, ముందు మీరు సరైన చోట అనుమానపడ్డారు, అందుకు సంతోషం. చాలామంది ఆ ఫారాలు తీసుకెళ్లి ‘తల్లుల్లో అత్యధికులు సంతృప్తిగా ఉన్నారు’ అని రిపోర్టు రాసేస్తారు. నేను ముప్పై ఏళ్లు గణాంకాల పనిలో ఉండి రిటైరయ్యాను, అలాంటి రిపోర్టులు ఎన్నో చూశాను.

ఐదా ఏడా అన్నది ఇక్కడ అసలు సమస్య కాదు. వాక్యం మీరు చెప్పి, ఒప్పుకుంటారా లేదా అని వాళ్లని అడగడమే సమస్య. ఈ పద్ధతి రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ 1932లో పెట్టింది. ఆయన ప్రధానంగా చదువుకున్న విద్యార్థుల మీద పరీక్షించాడు. వాళ్లు కాగితం చేతిలో పట్టుకుని తామే నింపారు. మీ దగ్గర అలా కాదు. ఇంటికొచ్చిన చదువుకున్న మనిషి ఒక మాట చదువుతుంది, ఇంటావిడ దాన్ని కాదనాలి. మన ఇళ్లలో గుమ్మంలోకి వచ్చినవాళ్ల మాట కాదనడం ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు.

దీనికి తోడు శ్రమ సంగతి ఉంది. సర్వేల మీద పరిశోధించే జాన్ క్రాస్నిక్ 1991లో ఒక మాట గట్టిగా చెప్పాడు. ప్రశ్నకి నిజమైన జవాబు వెతకాలంటే మనిషి నాలుగు పనులు చేయాలి: ప్రశ్న అర్థం చేసుకోవాలి, జ్ఞాపకాలు తవ్వాలి, వాటిని కూడి ఒక అభిప్రాయానికి రావాలి, దాన్ని మీరిచ్చిన గడుల్లో ఇరికించాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఇదంతా ఎవరు చేస్తారు? పని గడిచే జవాబు ఒకటి చెప్పేసి ఊరుకుంటారు. ‘అవును’ కంటే సులువైన జవాబు లేదు.

కాబట్టి వాక్యాలు తీసేయండి. అడగదలచుకున్నదే సూటిగా అడిగి, జవాబులు కూడా దానికి తగ్గవే ఇవ్వండి. ‘ఉపకేంద్రం తెరిచి ఉంటుంది, ఏకీభవిస్తారా’ అని కాదు. ‘పోయినసారి టీకాకి వెళ్లినప్పుడు తలుపు తీసి ఉందా, మూసి ఉందా?’ అనండి. తీసి ఉంది, మూసి ఉంది అనే రెండు మాటల్లో దేనికీ ‘అవును’ అనే సౌకర్యం లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

---

సాగరతీరం · మంగళవారం ఉదయం

లెక్కలపుస్తకం గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ మల్లెపందిరి గారు చేసిన ఒక మంచి పని మీద ఎవరూ మాట్లాడలేదు. ఒకే విషయాన్ని తిరగేసి కూడా అడిగారు కదా. రెండింటికీ అవునన్నవాళ్లు ఎవరో అందుకే తెలిసింది. నేను విశాఖలో మార్కెట్ సర్వేలు చేసే కంపెనీలో పని చేస్తాను. మేం కొన్ని వాక్యాలు ఎప్పుడూ తిరగేసే పెడతాం. అవునవును అనేవాళ్ల జవాబులు రెండు వైపులా కొట్టుకుపోతాయి.

---

లెక్కలపుస్తకం · మంగళవారం ఉదయం

కొట్టుకుపోతే మిగిలేదేమిటి సాగరతీరం గారూ? రెండింటికీ అవునన్న తల్లికి సరిగ్గా మధ్య మార్కు వస్తుంది. ఆమె అభిప్రాయం మధ్యస్థం అని మన లెక్క చెబుతుంది. తాళం చూసి ఎండలో తిరిగొచ్చిన మనిషి అభిప్రాయం మధ్యస్థమా? రోగం ఉందని చెప్పడానికి తిరగేసిన వాక్యం పనికొస్తుంది. అది మందు కాదు.

పైగా తెలుగులో తిరగేస్తే ఇంకో చిక్కు. ‘నర్సమ్మ మమ్మల్ని ఎప్పుడూ కసురుకోదు’ అన్నారనుకోండి. కసురుకోదని చెప్పాలనుకున్న మనిషి ‘కసురుకోదండీ’ అంటుంది, ‘లేదండీ’ అని కూడా అంటుంది, ‘అవునండీ’ అని కూడా అంటుంది. మూడూ ఒకే అర్థం. రాసుకునే అమ్మాయి ‘లేదు’ విని ‘ఏకీభవించను’ మీద నొక్కుతుంది. అంతే, జవాబు తలకిందులు.

---

నల్లమల_గాలి · మంగళవారం మధ్యాహ్నం

నేను పన్నెండేళ్లుగా ఫీల్డులోనే ఉన్నా. ఆఫీసులో కూర్చుని ఫారం రాసేవాళ్లకి కనబడనివి రెండు చెప్తా.

మొదటిది, ‘ఏకీభవిస్తున్నాను’ అనే మాట పల్లెలో ఎవరి నోటా రాదు. అందుకే అడిగేవాళ్లు చదవలేక, అక్కడికక్కడ ‘ఒప్పుకుంటారా అమ్మా?’ అని మారుస్తారు. నేనూ మార్చేవాణ్ణి. ఒప్పుకోవడం అంటే తప్పు ఒప్పుకోవడం. దొంగతనం ఒప్పుకున్నాడు, అప్పు ఒప్పుకున్నాడు అంటాం. ఒకసారి ఒక పెద్దాయన ‘నేనేం చేసినా నాయనా ఒప్పుకునేదానికి?’ అని లేచి నిలబడ్డాడు. ఆ రోజుతో నాకు తెలిసొచ్చింది, ఫారంలో అచ్చయిన మాట వేరు, గుమ్మంలో పలికిన మాట వేరు అని. పదిమంది ఫీల్డువాళ్లు పది రకాలుగా మారిస్తే అవి పది సర్వేలు.

రెండోది, మల్లెపందిరి అక్కా, మీతో ఆ ఇళ్లకి దారి చూపించడానికి ఎవరొచ్చారు? ఆశా వర్కర్ వచ్చి ఉంటే మాత్రం స్కేలు ఎంత బాగా రాసినా పని జరగదు. ఆమె గుమ్మం పక్కన నిలబడి ఉంటే ఆ తల్లి మీకు జవాబు చెప్పదు, ఆమెకి చెబుతుంది.

---

మల్లెపందిరి · మంగళవారం మధ్యాహ్నం

తమ్ముడూ, ఆశా వర్కరే వచ్చింది. ఇళ్లు ఆమెకే తెలుసు కదా అని మేమే పిలుచుకున్నాం. నీళ్లిచ్చి తాళం సంగతి చెప్పినప్పుడు ఆమె పక్కింటికి వెళ్లి ఉంది. మీరు అడిగేదాకా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు.

---

దూరపుచుట్టం · మంగళవారం రాత్రి

నేను జర్మనీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. ఇక్కడ జరిగిన రెండు పాత ప్రయోగాలు ఈ చర్చకి బాగా పనికొస్తాయి.

నార్బర్ట్ ష్వార్జ్ బృందం 1985లో జనాన్ని రోజుకి ఎంతసేపు టీవీ చూస్తారని అడిగింది. కొందరికిచ్చిన గడులు ‘అరగంట లోపు’తో మొదలై ‘రెండున్నర గంటల పైన’తో ముగిశాయి. మిగతావాళ్లకిచ్చినవి ‘రెండున్నర గంటల లోపు’తో మొదలై ‘నాలుగున్నర గంటల పైన’తో ముగిశాయి. మొదటి గుంపులో రెండున్నర గంటల పైన చూస్తామన్నవాళ్లు 16.2 శాతం. రెండో గుంపులో 37.5 శాతం. జనం అలాంటివాళ్లే, టీవీ అదే. గడులు చూసి ‘ఓహో, మామూలు మనుషులు ఈ మధ్యలో ఉంటారన్నమాట’ అనుకుని తమని తాము అక్కడ సర్దుకున్నారు.

రెండోది 1991లో. జీవితంలో ఎంతవరకు విజయం సాధించారు అని 11 మెట్ల స్కేలు. కొందరికి 0 నుంచి 10, కొందరికి మైనస్ 5 నుంచి ప్లస్ 5. మాటలు రెండింటిలోనూ ఒకటే. 0 నుంచి 10 స్కేలులో కింది సగాన్ని, అంటే 0 నుంచి 5 దాకా, ఎంచుకున్నవాళ్లు 34 శాతం. మైనస్ 5 నుంచి 0 దాకా ఎంచుకున్నవాళ్లు 13 శాతమే. సున్నా అంటే ‘విజయం లేదు’ అని వినబడింది. మైనస్ అంటే ‘ఓడిపోయాను’ అని వినబడింది. ఆ గుర్తు తన పేరు పక్కన పెట్టుకోవడానికి ఎవరు ఇష్టపడతారు?

నేను చెప్పదలచుకున్నది, స్కేలు ఖాళీ సీసా కాదు. మనం ఇచ్చిన అంకెలూ గడులూ కూడా మనిషితో మాట్లాడతాయి. అందుకని తరచుగా, అప్పుడప్పుడు లాంటి మాటలకంటే, గడులేవీ ఇవ్వకుండా ‘ఎన్నిసార్లు?’ అని అడిగి వాళ్లు చెప్పిన అంకె రాసుకోవడం మేలు.

---

పలక_బలపం · మంగళవారం రాత్రి

దూరపుచుట్టం గారి పోస్టు చదివాక మా బడి గుర్తొచ్చింది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పోయిన ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో మా బడికి పదికి ఎన్ని ఇస్తారని చీటీలు పంచాం. ఒకాయన 4 వేసి ఇచ్చాడు. నేను బాధపడి, ఏం లోటు కనబడిందండీ అని అడిగాను. ఆయన కంగారుపడి, ‘పాస్ చేశాను కదండీ’ అన్నాడు.

వందకి 35 వస్తే పాస్ అనేది మన ఒంట్లో పట్టేసింది. 60 అంటే ఫస్ట్ క్లాస్. చదువుకున్నవాళ్లు అంకె చూడగానే మార్కుల కాగితం గుర్తు తెచ్చుకుంటారు. ఒకరికి 4 అంటే గట్టెక్కింది, ఇంకొకరికి 4 అంటే సగం కంటే తక్కువ. ఇవి రెండూ కలిపి సరాసరి తీస్తే ఏం అర్థం? బడికి వెళ్లని తల్లికి ఆ 35 కూడా తెలియదు. ఆమెకి అంకె ఉత్త అంకె.

---

సాగరతీరం · బుధవారం ఉదయం

అంకెలు వద్దంటే ముఖాల బొమ్మలు వాడొచ్చు కదా? నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. చదువు రానివాళ్లకి సులువు. మా కంపెనీలో బాగా వాడతాం.

ఇంకో విషయం. జవాబులు వరసలో ఎక్కడున్నాయన్నది కూడా చూసుకోవాలి. కాగితం మీద చూసి నింపేవాళ్లు మొదట కనబడ్డదాని వైపు మొగ్గుతారు. చదివి వినిపిస్తే చివర విన్నదే చెవిలో ఉంటుంది కాబట్టి అటు మొగ్గుతారు. ‘చాలా బాగుంటే ఒకటి నొక్కండి’ అని ఫోన్లో వినిపించే సర్వేల్లో ఇంకో తిప్పలు, సగం విని ఒకటి నొక్కేసి పెట్టేస్తారు. మేం సగం మందికి పై నుంచి కిందికి, సగం మందికి కింది నుంచి పైకి చదివిస్తాం. టాబ్‌లో అయితే అది చాలా సులువు, ఒక్క సెట్టింగు.

---

నల్లమల_గాలి · బుధవారం ఉదయం

వరస తిప్పడం మంచి మాట అన్నా. మేం వినిపించేటప్పుడు ఇది ఎప్పుడూ చేయలేదు.

ముఖాల బొమ్మలు మాత్రం నాకు నచ్చవు. బొమ్మ చూపించి ‘ఏది వేయమంటారు?’ అంటే, మనవరాలు వచ్చి నవ్వే బొమ్మ మీద వేలు పెడుతుంది, అవ్వ కూడా అదే అంటుంది. నవ్వే బొమ్మ చక్కగా ఉంది కాబట్టి ఎంచుకుంటారు. ఏడుపు ముఖం మీద వేలు పెట్టడం ఇంట్లో అశుభం అనుకునేవాళ్లూ ఉన్నారు. దవాఖాన ఎట్లుందని అడిగితే ఆ బొమ్మ ‘నువ్వు ఎట్లున్నావు’ అని అడుగుతుంది.

---

ఎర్రమట్టి · బుధవారం సాయంత్రం

మహబూబ్‌నగర్ నుంచి. మా దిక్కు, అనంతపురం దిక్కు రైతులతోటి జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే ఆర్థికవేత్తలు ఒక పని చేశారు. తొలకరి ఎప్పుడు పడుతుందని రైతు అనుకుంటున్నాడో తెలుసుకోవాలి. ‘ఫలానా వారంలో వాన పడే అవకాశం ఎంత శాతం?’ అంటే ఎవరు చెప్తారు? అందుకని కాగితం మీద కార్తెల వారీగా గడులు గీసి, రైతు చేతిలో 10 రాళ్లు పెట్టారు. ఎక్కడ వాన ఎక్కువ ఆశ ఉంటే అక్కడ ఎక్కువ రాళ్లు పెట్టమన్నారు.

నాకు ఇందులో బాగా నచ్చింది రాళ్లకంటే కార్తెలు. జూన్ మొదటి వారం అంటే రైతుకి పట్టదు. రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటే చెప్పేస్తాడు. స్కేలు మనం మోసుకుపోలేదు, అక్కడ ఉన్నదే తీసుకున్నారు. మల్లెపందిరి గారూ, మీ తల్లుల దగ్గర కార్తెల్లాంటిది ఏముందో చూడండి.

---

మల్లెపందిరి · బుధవారం రాత్రి

ఎర్రమట్టి గారూ, మీ చివరి మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఉంది. టీకాల కార్డు! ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెల. చదువు రాని తల్లికి కూడా ఈ వరస నోటికి వచ్చు. ఏ టీకాకి బిడ్డకి జ్వరం వచ్చిందో, ఏ టీకాకి అత్త తోడొచ్చిందో కూడా చెబుతారు.

అయితే ఇలా అడగొచ్చా: కార్డు తెమ్మని, ఒక్కో టీకా మీద వేలు పెట్టి, ఈ టీకాకి ఎన్నిసార్లు తిరిగారు? వెళ్లినప్పుడు తలుపు తీసి ఉందా? ఎంతసేపు కూర్చున్నారు? ఆ తర్వాత ఏం జాగ్రత్తలు చెప్పారు?

---

లెక్కలపుస్తకం · బుధవారం రాత్రి

అద్భుతమమ్మా. మీ 18 వాక్యాల్లో సగం పైన ఈ కార్డుతోనే తేలిపోతాయి. జరిగినది అడిగినప్పుడు ‘ఆయమ్మ మంచిదే గదా’ అనే మొహమాటానికి చోటు తక్కువ. తాళం వేసి ఉందని చెప్పడం నర్సమ్మని తిట్టడం కాదు కదా.

అభిప్రాయం అడగక తప్పని ప్రశ్నలు ఐదారు మిగులుతాయి. మర్యాదగా మాట్లాడారా, భరోసా కలిగిందా లాంటివి. స్కేలు మీద మీ శక్తి అంతా వాటి మీద పెట్టండి. మెట్లకి పేర్లు పెట్టాలి, ఉత్త అంకెలు వద్దు. ఆ పేర్లు వాళ్ల నోట్లోంచే రావాలి.

---

నల్లమల_గాలి · గురువారం ఉదయం

పేర్ల దగ్గర జాగ్రత్త. ‘పర్వాలేదు’ని మధ్య మెట్టుగా పెట్టకండి. కాఫీ తాగుతారా అంటే ‘పర్వాలేదండి’ అంటాం, అంటే వద్దని. కూర ఎలా ఉందంటే ‘పర్వాలేదు’ అంటాం, అంటే బాగాలేదని. పిల్లాడికి మంచి మార్కులొస్తే ‘పర్వాలేదే!’ అంటాం, అది మెచ్చుకోలు. మూడు దిక్కులకి పోయే మాట మధ్యలో పెడితే ఏమొస్తుంది?

‘బాగుంది’, ‘బాగానే ఉంది’ కూడా ఒకటి కాదు. ఆ ‘నే’లో ఏదో వెలితి ఉంది.

---

పలక_బలపం · గురువారం ఉదయం

దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. మాటలు ఒక్కో చీటీ మీద రాసి, ఒక పదిమంది తల్లులకి విడివిడిగా ఇవ్వండి. అన్నిటికంటే చెడ్డది కింద, అన్నిటికంటే మంచిది పైన పేర్చమనండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించి చేతిలో పెట్టండి. అందరూ ఒకే చోట పెట్టిన మాటలు ఉంచుకోండి. తలా ఒక చోట పెట్టిన మాటలు పారేయండి.

---

మల్లెపందిరి · ఆదివారం రాత్రి

చీటీల పరీక్ష చేశాం. ఈసారి ఆశా వర్కర్‌ని పిలవలేదు. ఊళ్లో బడి టీచర్ ఇళ్లు చూపించి వెళ్లిపోయింది.

ఆరు చీటీలు: అస్సలు బాగాలేదు, బాగాలేదు, అంతంతమాత్రం, పర్వాలేదు, బాగానే ఉంది, చాలా బాగుంది. రెండు చివర్లూ, ‘బాగాలేదు’ అందరూ ఒకే చోట పెట్టారు. ‘అంతంతమాత్రం’ కూడా దాదాపు కదల్లేదు. ‘పర్వాలేదు’, ‘బాగానే ఉంది’ దగ్గరే గొడవంతా. ఒక అత్తాకోడళ్లకి విడివిడిగా ఇచ్చాం. కోడలు ‘పర్వాలేదు’ని ‘అంతంతమాత్రం’ కింద పెట్టింది. అత్త దాన్ని ‘చాలా బాగుంది’ కింద, పై నుంచి రెండోదిగా పెట్టింది. తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. అత్త అంది, ‘పర్వాలేదంటే లోటేం లేదని గదే’. కోడలు అంది, ‘లోటుండాదనే అట్లంటారు’. నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఈ ఒక్క మాట మా పాత ఫారం మధ్యలో ఉండి ఉంటే ఇద్దరి జవాబులూ ఒకే గడిలో పడి ఉండేవి.

రెండూ తీసేశాం. ‘బాగుంది’ పెట్టి మళ్లీ పేర్పించాం, అప్పుడు కుదిరింది. ఇప్పుడు ఐదు మెట్లు: అస్సలు బాగాలేదు, బాగాలేదు, అంతంతమాత్రం, బాగుంది, చాలా బాగుంది.

రెండు సందేహాలు మిగిలాయి. ‘ఏదీ చెప్పలేను’ ఉంచాలా? మర్యాద గురించి అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది పైరెండు మెట్లే అంటున్నారు. నిజంగానే మర్యాదగా ఉన్నారా, లేక వీళ్లు ఆశించేదే తక్కువా?

---

లెక్కలపుస్తకం · సోమవారం ఉదయం

‘చెప్పలేను’ని మెట్ల మధ్యలో ఎప్పుడూ పెట్టకండి. మధ్య మెట్టు అంటే ఒక అభిప్రాయం. తెలియకపోవడం, చెప్పడం ఇష్టం లేకపోవడం అభిప్రాయాలు కావు. వాటిని టాబ్‌లో విడిగా రెండు గుర్తులుగా పెట్టుకోండి. వాటిని చదివి వినిపించకండి, ఆమె తనంతట తాను అంటేనే నొక్కండి. మధ్య మెట్టు తీసేసి జనాన్ని అటో ఇటో తోసేయడం నాకు సమ్మతం కాదు. నిజంగా అంతంతమాత్రం అనుకునే మనిషి చేత మనం అబద్ధం చెప్పించినట్టవుతుంది.

---

సాగరతీరం · సోమవారం ఉదయం

ఇక్కడ నేను ఒప్పుకోను సర్. మధ్య మెట్టు ఉంటే మా సర్వేల్లో ఆలోచించడం ఇష్టం లేనివాళ్లంతా అక్కడే కూర్చుంటారు. నాలుగు మెట్లే పెడితే కనీసం ఏ వైపో తెలుస్తుంది. చిన్న పైలట్‌లో సగం మందికి నాలుగు, సగం మందికి ఐదు పెట్టి చూసుకోమని నా సలహా.

---

దూరపుచుట్టం · సోమవారం సాయంత్రం

రెండో సందేహానికి ఒక మంచి పద్ధతి ఉంది. రాజకీయ శాస్త్రవేత్త గ్యారీ కింగ్ బృందం 2004లో దీన్ని వివరంగా రాసింది. ప్రభుత్వం దగ్గర మీ మాట ఎంత చెల్లుతుంది అని చైనాలో, మెక్సికోలో అడిగారు. ఉత్త స్కేలు మీద చైనా వాళ్ల మాటే ఎక్కువ చెల్లుతున్నట్టు వచ్చింది. అప్పుడు అందరికీ కొన్ని చిన్న కథలు చెప్పి, ఆ కథల్లోని మనుషులకి కూడా అదే స్కేలు మీద జవాబు ఇవ్వమన్నారు. కథలు అందరికీ ఒకటే కాబట్టి, ఎవరు ఏ మాటని ఎంత చిన్నదానికి వాడుతున్నారో బయటపడింది. దాంతో సరిదిద్ది చూస్తే ఫలితం తిరగబడింది.

మీరు కూడా రెండు కథలు చెప్పండి. ‘ఒకామె బిడ్డని తీసుకుని వెళ్లింది. నర్సు తలెత్తి చూడకుండానే సూది వేసి, పో అంది.’ ఈ నర్సు మర్యాద ఎలా ఉంది? ‘ఇంకొకామెని కూర్చోబెట్టి, బిడ్డ పేరడిగి, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పింది.’ ఇది ఎలా ఉంది? మొదటి కథకి కూడా ‘బాగుంది’ అనే తల్లి తన నర్సుకి ‘బాగుంది’ అంటే దాని విలువ ఎంతో మీకు తెలుస్తుంది. ఆమె జవాబు మారలేదు, మీరు చదివే తీరు మారింది.

కథల్లో పేర్లు, కులం తెలిసే గుర్తులు పెట్టకండి. అది జవాబుని ఇంకో వైపు లాగుతుంది.

---

ఎర్రమట్టి · సోమవారం రాత్రి

ఉపకేంద్రంలో తల్లుల దగ్గర డబ్బులు తీసుకుంటున్నారా అనే ప్రశ్న ఉందా మీ ఫారంలో? అది ఏ స్కేలు మీదా నిజం రాదు. స్టాన్లీ వార్నర్ 1965లో ఇలాంటి ప్రశ్నల కోసం ఒక ఉపాయం చెప్పాడు. దాని తరవాతి రూపాల్లో ఒకటి నాణేనిది. ఆమె మనకి కనబడకుండా నాణెం ఎగరేస్తది. బొమ్మ పడితే ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఎవరు ఎందుకు అవునన్నారో అడిగినవాళ్లకి తెలవదు, కానీ మొత్తం మీద లెక్క తీయొచ్చు. దాదాపు సగం మందికి బొమ్మే పడుతది కాబట్టి, వందమందిలో యాభైకి పైన ఎన్ని అవునులు వచ్చాయన్నదే చూసుకోవాలి.

---

నల్లమల_గాలి · సోమవారం రాత్రి

అన్నా, నేను ఇది ఒకసారి చేసి చూశా. ‘తీసుకోలేదు గదా, నాణెం పడిందని తీసుకున్నారని ఎందుకు చెప్పాలి? అబద్ధమెందుకు ఆడాలి?’ అని అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమే. పల్లెలో నాకు పనిచేసింది మూత ఉన్న డబ్బా. రెండు రంగుల గింజలు ఇచ్చి, తీసుకున్నారంటే ఎర్రది, లేదంటే తెల్లది లోపల వేయమనాలి. మిగిలిన గింజ కూడా గుప్పిట్లోనే ఉంచుకుని ఇంట్లో పారేయమనాలి. ఊరంతా అయ్యాకే మూత తీయాలి, ఆమె కళ్ల ముందు తీయకూడదు. ఏ గింజ ఏ ఇంటిదో మనకీ తెలియదు, అందుకని మిగతా జవాబులతో కలిపి చూడలేం. ఆ నష్టం భరించాల్సిందే.

---

మల్లెపందిరి · తర్వాతి శనివారం రాత్రి

అందరికీ చేతులెత్తి దండం. ఫారం మారింది. టీకాల కార్డు మీద 7 ప్రశ్నలు, మెట్ల ప్రశ్నలు 5, కథలు 2, గింజల డబ్బా 1. మెట్లు సగం మందికి పై నుంచి, సగం మందికి కింది నుంచి. లెక్కలపుస్తకం గారి మాట విని మధ్య మెట్టు ఉంచాను, సాగరతీరం గారు చెప్పినట్టు కొందరికి తీసేసి కూడా చూస్తాను. మా అమ్మాయిలు ప్రతి ప్రశ్నా ఎలా పలుకుతున్నారో ఫోన్లో రికార్డు చేసుకుని, అందరం కూర్చుని విన్నాం. ఒకమ్మాయి ఇంకా ‘బాగుంది కదా అమ్మా?’ అని ‘కదా’ కలుపుతోంది. ఆ ఒక్క అక్షరం జత మాన్పించడానికి ఒక పూట పట్టింది.

నిన్న మళ్లీ ఆ నీళ్లిచ్చిన అమ్మాయి ఇంటికి వెళ్లాను, కొత్త ఫారం ఆమెకి ఎలా ఉంటుందో చూద్దామని. కార్డు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. పద్నాలుగు వారాల గడి మీద వేలు పెట్టి, నేను అడగకముందే, ‘దీనికే మేడమ్, రెండుసార్లు తిరిగినా’ అంది. మర్యాద ప్రశ్నకి ‘చాలా బాగుంది’ అంది. సూది వేసి పో అన్న నర్సు కథకి ‘బాగాలేదు’ అంది. అంటే ఆ నర్సమ్మ నిజంగానే ఈమెతో మంచిగా ఉంటుంది, ఉపకేంద్రానికి మాత్రం తాళం ఉంటోంది. మా పాత ఫారం ఈ రెండింటినీ విడదీయలేకపోయింది.

ఒక్కటి మిగిలింది. ‘ఎంతసేపు కూర్చున్నారు?’ అంటే ఎవరూ గంటల్లో చెప్పడం లేదు. ‘పొద్దున పోతే బువ్వ యాళకి వచ్చినా’ అంటున్నారు. దాన్ని అలాగే రాసుకోనా, గంటల్లోకి మార్చనా?

---

ఎర్రమట్టి · ఆదివారం ఉదయం

అలాగే రాసుకోండి. బువ్వ యాళ అంటే ఆ ఊళ్లో ఎన్ని గంటలో నలుగురిని అడిగి పక్కన రాసి పెట్టుకోండి. తర్వాత మార్చుకోవచ్చు.